అరకు ఎవరికోసం?

"ఇదంతా మనలాంటి వాళ్లు చూడ్డానికే పెట్టినట్టుంది కదూ, వదినా!" అంది మా ఆడపడుచు.

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలుకి 2017లో తగిలించారు చూశారూ, విస్టాడోమ్ పెట్టె, అందులో ఉన్నాం. పైకప్పుకి కూడా అద్దాలే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు. ఆవిడ మాట కాదనబుద్ధి కాలేదు గాని, చరిత్ర మాత్రం కాదంటుంది.

ఈ దారి మనకోసం వెయ్యలేదు సుమండీ! బైలదిల్లా కొండల్లోని ఇనుపరాయి విశాఖ రేవుకి చేరి, అక్కణ్ణించి జపాను ఉక్కు కొలుములకి పోవాలని 1960లలో వేశారు. 50 పైచిలుకు సొరంగాలు తొలిచింది ఆ రాయి కోసమే. అన్నట్టు, దారిలో ఒకచోట ఇనుపరాయి బండి దాటిపోయేదాకా మా బండి నోరు మూసుకుని నిలబడింది!

పద్మాపురం తోటలో గులాబీలూ, చెట్లమీద గుడిసెలూ, పిల్లల రైలూ చూసి, "పోనీ ఇదైనా మనకోసమేనా?" అంది.

అదీ కాదు. రెండో ప్రపంచయుద్ధం నాటి సిపాయిలకి కూరగాయలు పండించడానికి 1942లో వేసిన తోట అది. యుద్ధం అయింది, సిపాయిలు వెళ్లారు, కూరపాదులు పోయి పూలమొక్కలొచ్చాయి. మనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చాం.

అందరూ సీసాల్లో పోయించుకొచ్చే కాఫీ సంగతీ అంతే. పోడు తగ్గాలి, వానకి కొండమట్టి కొట్టుకుపోకుండా ఉండాలి అని అటవీశాఖవారు మొదట నాటించిన మొక్కలవి. సిల్వర్ ఓక్ నీడలో అవి పెరిగాయి, వాటి మీదికి మిరియాల తీగలు పాకాయి. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవాళ వేల గిరిజన కుటుంబాలకి అదే కూడు.

ఇక బొర్రా గుహల్ని మనుషులెవరూ కట్టలేదు. సున్నపురాతిని నీళ్లు లక్షల ఏళ్లు కరిగించి కట్టాయి. లోపల రంగురంగుల దీపాల వెలుగులో శివలింగం, ఆవు పొదుగు చూసి దండం పెట్టుకుంటాం. కాని ఆ గుహల చుట్టుపక్కల ఊళ్లలోనే ఇంకో పెద్ద కథ నడిచింది. అక్కడి భూములు గనుల కంపెనీలకి లీజుకిచ్చినప్పుడు సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి గనులకోసం లీజుకివ్వకూడదని 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గిరిజనుల భూమి మాట వస్తే దేశంలో ఎక్కడైనా ఇప్పటికీ తలుచుకునే తీర్పు అది. గుహలు చూసొచ్చిన వాళ్లం గబ్బిలాల సంగతి చెప్పుకుంటాం గాని, ఇది చెప్పుకోం.

మనకోసమని కట్టింది ఏదన్నా ఉంటే 1996లో పెట్టిన గిరిజన మ్యూజియం. మట్టిగోడల ఇళ్లూ, వేట సామానూ, నగలూ, అన్నీ ముచ్చటగా అమర్చారు. మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చిన ఒక ముసలమ్మ తిరగలి ముందు నిలబడి నవ్వుకుంటోంది.

"ఏమమ్మా, నవ్వుతున్నావు?" అన్నాను.

"మాయింటికాడా ఉందమ్మా ఇలాటిదే. దాన్ని చూడ్డానికి ఎవులూ డబ్బులివ్వరు" అంది.

నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం మేం దిగిన చోట థింసా ఆడారు. పెళ్లిళ్లకీ, చైత్రమాసపు పండక్కీ ఆడుకునే ఆట, ఇప్పుడు మనం కాఫీ తాగుతూ చూసే ఆట కూడా అయింది. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలుపుకుని, డప్పుకి తగ్గట్టు అడుగేస్తూ పాములా మెలికలు తిరిగారు. మా ఆడపడుచు ఉండబట్టలేక మధ్యన దూరింది. రెండుసార్లు అడుగు తప్పింది. పక్కనున్న పెద్దావిడ నవ్వకుండా, కసరకుండా, తన కాలితో ఈవిడ కాలిని మెల్లగా తోసి దారిలో పెట్టింది.

మర్నాడు తిరుగు రైల్లో మా ఆడపడుచు కొండల్ని చూడనేలేదు. చాలాసేపు ఊరుకుని, "వదినా, ఆవిడ పేరు అడిగామా మనం?" అంది.

అడగలేదు. అద్దాలపెట్టె ఎక్కి అంతదూరం వెళ్లి, అదొక్కటి అడగడం మరిచిపోయాం.