ఒకే ప్రమాణం, రెండు దారులు: హసీదీ గురువులు, ఇశ్రాయేలు రాజ్యం

పరమగీతములో మూడుసార్లు (2:7, 3:5, 8:4) కనిపించే ప్రమాణాన్ని తల్మూదు యూదుల చెరకు అన్వయించింది: వారు మూకుమ్మడిగా, బలప్రయోగంతో స్వదేశానికి మరలకూడదు. విమోచన మెస్సీయ పని. అందుకే తూర్పు ఐరోపాలోని హసీదీ భక్తసమాజాల గురువుల్లో అత్యధికులు సీయోను ఉద్యమాన్ని వ్యతిరేకించారు.

నాజీల మారణహోమం తరువాత దారులు వేరయ్యాయి. 1944లో దాని నుండి తప్పించుకొనిన సత్మార్ గురువు యోయేల్ టైటెల్‌బామ్, ఆ ప్రమాణాన్ని మీరినందుకే శిక్ష వచ్చిందని 'వయోయేల్ మోషే' (1961)లో వాదించారు. పోలండుకు చెందిన గేర్ గురువు అల్లుడు యిత్స్‌హాక్ మేయిర్ లెవిన్ మాత్రం 1948లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసి మంత్రి అయ్యారు. రాజ్యాన్ని విమోచనగా ఎంచకుండానే అందులో పాలుపొందడం గేర్ మార్గం.

1948ని ప్రవచన నెరవేర్పుగా ప్రసంగించేటప్పుడు, అదే లేఖనాన్ని ధ్యానించిన యూదు గురువులే ఏకాభిప్రాయానికి రాలేదని మనం మరువరాదు.