రెండవ కీలు

మన ఎద్దుబండికి ఒకటే ఇరుసు. దాని రెండు కొనలకు రెండు చక్రములు. అవి ఊడిపోకుండ చెరియొక కడచీల. కుడిచక్రము గోతిలో దిగినచో ఇరుసంతయు వాలును, దానితో బండియు వాలును, బండిలోనివారు ఒకరిమీద ఒకరు ఒరుగుదురు. మోటారు కారు పుట్టిన తరువాత కూడ చాలకాలము దాని వెనుక ఇరుసు ఇట్లే యుండెను. ఒక చక్రము రాయి ఎక్కినచో రెండవ చక్రమునకును ఆ కుదుపు తప్పెడిది కాదు.

ఈ బంధమును తెంచవలెనని వియన్నాలో జన్మించిన ఎడ్మండ్ రంప్లర్ అను ఇంజనీరు తలచెను. 1903లో ఆయన ఒక క్రొత్త ఏర్పాటునకు పేటెంటు పొందెను. ఇరుసును నడుమ రెండుగా విడదీసి, గేర్ల పెట్టెకు ఇరుప్రక్కల ఒక్కొక్క కీలు అమర్చి, పక్షి రెక్కలవలె రెండు భాగములును వేరువేరుగా ఆడునట్లు చేయుటయే ఆ ఏర్పాటు. దానికి స్వింగ్ యాక్సిల్ అని పేరు. మనము ఊగుడు ఇరుసు అనవచ్చును. 1923లో హాన్స్ లెడ్వింకా టాట్రా కంపెనీకై రూపొందించిన చిన్నకారులో గాలిచే చల్లబడు ఇంజనుతోపాటు ఈ ఇరుసు కూడ చేరెను. అటుపిమ్మట ఫెర్డినాండ్ పోర్షే జర్మనీలో ఫోక్స్‌వాగన్ కారునకు దీనినే గ్రహించెను.

అందుకు కారణము లేకపోలేదు. ఆ కారు సామాన్య కుటుంబమునకు 990 మార్కులకే అందవలెనని నాటి ప్రభుత్వ సంకల్పము. ఇంజను వెనుకనే యుండుటచే ముందునుండి వెనుకకు పొడవైన కడ్డీ అక్కరలేదు. గేర్ల పెట్టెకు రెండు రెక్కలు తగిలించిన చాలును. ఏర్పాటు చవుక, బరువు తక్కువ, గతుకుల బాటలో సుఖము. యుద్ధానంతరము 1945 డిసెంబరులో వోల్ఫ్స్‌బర్గ్ నగరమున ఆ కార్ల ఉత్పత్తి ఆరంభమయ్యెను. బీటిల్ అను ముద్దుపేరుతో లోకమంతట ప్రసిద్ధికెక్కిన ఆ కారు 2003 వరకు, వివిధ దేశములలో కలిపి, రెండుకోట్ల పదిహేను లక్షలకు పైగా తయారయ్యెను.

అయితే ఆ రెక్కలలో ఒక చిక్కు దాగియుండెను. చక్రము రెక్క చివర గట్టిగా బిగింపబడి యున్నది. కారు వెనుకభాగము పైకి లేచినచో రెక్కలు క్రిందికి వాలును. రెక్కతోపాటు చక్రమును వాలి, దాని అడుగు లోపలికి ముడుచుకొనును. వేగముగా మలుపు తిరుగునప్పుడు నేల వెలుపలి చక్రమును ప్రక్కనుండి నెట్టును. ఆ నెట్టుడు ఏటవాలుగా నున్న ఇరుసు ద్వారా కారు వెనుకభాగమును పైకెత్తును. ఎత్తినకొలది చక్రము ముడుచుకొనును, ముడుచుకొన్నకొలది నేలపై పట్టు సడలును. భయపడిన చోదకుడు చటాలున బ్రేకు నొక్కినచో వెనుకభాగము మరింత లేచును. ఇంజను బరువంతయు వెనుకనే యుండుటచే కారు తోక విసరినట్లు తిరిగిపోవును.

తొలినాటి బీటిల్ ఇంజను శక్తి 25 గుఱ్ఱములు మాత్రమే. అంత మెల్లని బండిలో ఈ దోషము చాలవరకు నిద్రించెను. శక్తి పెరిగినకొలది అది మేల్కొనెను. 1960 ప్రాంతమున పోర్షే కంపెనీ తన సూపర్ 90 కారునకు గేర్ల పెట్టె అడుగున ఒక అడ్డు కమానుకట్టను అమర్చి, రెక్కలు అతిగా వాలకుండ చేసెను. అనగా వ్యాధి తెలిసియే యుండెను, మందును తెలిసియే యుండెను.

ఇట్టి స్థితిలో 1959 చివర అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ షెవ్రొలే కార్వేర్ అను కారును విడుదల చేసెను. గాలిచే చల్లబడు ఆరు సిలిండర్ల ఇంజను వెనుక. చక్రములకు ఊగుడు ఇరుసు. ముందు చక్రములకు ఉండదగిన, వాలును అదుపుచేయు ఉక్కు కడ్డీని ఖర్చు తగ్గించుటకై విడిచిరి. దానికి బదులుగా ముందు టైర్లలో చదరపు అంగుళమునకు 15 పౌనులు, వెనుక టైర్లలో 26 పౌనులు గాలి ఉంచవలెనని యజమానికి సూచించిరి. కుటుంబ భద్రత గాలిగొట్టమునకు అప్పగింపబడెను! నాలుగు టైర్లకును సమానముగా గాలి కొట్టించు అలవాటు ఎవరికి లేదు?

1964లో ఆ కారునకు కమానుకట్ట చేరెను. 1965లో ఇరుసు ఏర్పాటంతయు మారెను. ఆ సంవత్సరము నవంబరులోనే రాల్ఫ్ నేడర్ అను యువ న్యాయవాది కార్ల భద్రతపై ఒక గ్రంథము వెలువరించి, మొదటి అధ్యాయమును కార్వేర్‌కే కేటాయించెను. 1966 సెప్టెంబరులో అమెరికా వాహన భద్రతకై జాతీయ శాసనము చేసెను. 1972లో ప్రభుత్వ భద్రతాసంస్థ పరీక్షలు జరిపి, తొలి కార్వేర్లు తమకాలపు తోటికార్లకన్న ఎక్కువ ప్రమాదకరములు కావని తేల్చెను. న్యాయమునకు ఆ మాటయు చెప్పవలెను. కాని తోటివారికన్న అధ్వాన్నము కాదనుట మేలైనదనుట కాదు.

ఫోక్స్‌వాగన్ సంస్థయు ఊరకుండలేదు. 1967 ఆగస్టులో సగము స్వయంచాలక గేర్లుగల బీటిల్‌కు, 1968 ఆగస్టులో అమెరికాకు పంపు బీటిళ్లన్నిటికి క్రొత్త ఏర్పాటు వచ్చెను. ఇరుసునకు ఒక్కొక్క ప్రక్క ఇప్పుడు రెండు కీళ్లు: ఒకటి గేర్ల పెట్టెవద్ద, రెండవది చక్రమువద్ద. చక్రమును నిలుపుట ఏటవాలు ఇనుపచేయి పని. త్రిప్పుట మాత్రమే ఇరుసు పని. కారు లేచినను దిగినను చక్రము ఇంచుమించు నిటారుగనే నిలుచును. అయినను ఐరోపాలో చవుకరకపు బీటిళ్లు పాత ఇరుసుతోనే నడచెను. రెండవ కీలునకు వెల కలదు గదా!

పాతకార్లను ప్రేమించువారు నేటికిని ఆ రెండవ కీలును పాత బీటిళ్లకు అమర్చుకొనుచున్నారు. ఇది ఒక చక్రమును విప్పి మరియొకటి తొడిగినంత సులభము కాదు. ఇనుపచేతులను పట్టు కొక్కెములు పాత చట్రమునకు లేవు; ఇరుప్రక్కల అంగుళములో స్వల్పభాగమైనను తేడారాకుండ కొలిచి అతికింపవలెను. గేర్ల పెట్టెలో ఇరుసును పట్టు భాగములను మార్చవలెను. స్ప్రింగు పలకలును వేరు. పాత ఇరుసును ఉంచుకొనువారు కమానుకట్టతో తృప్తిపడుదురు; వారు కారును అందముకొరకు వెనుక ఎత్తు చేయుట మాత్రము కూడదు. ఎత్తుట యనగా రెక్కలను ముందే వాల్చుట.

మన దేశమునకును ఈ కథలో పాలు కలదు. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇంజను ముందుండునది, నీటిచే చల్లబడునది. వెనుక మాత్రము ఊగుడు ఇరుసే. అది కొందరు యజమానులకు, మెకానిక్కులకు నచ్చలేదు. 1972లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్ కారునకు కంపెనీ మరల ఒకే నిండు ఇరుసును అమర్చెను. ఎద్దుబండి ఇరుసు తిరిగి వచ్చినదన్నమాట. అది కుదిపినను, ముడుచుకొనదు.

చోదకుడు జాగరూకుడై యుండవలసినదే. కాని యంత్రము చేయవలసిన పనిని చోదకుని జాగ్రత్తకు వదలుట తగదు. కారు అమ్మిననాడు ఆదా చేసిన కడ్డీ వెల, మలుపులో ఎవరు చెల్లింపవలసి వచ్చునో ముందుగా తెలియదు.