దొర చాకు మీద జర్మనీ

పోయిన సంక్రాంతికి ముత్తుకూరు దగ్గర మా ఊరికెళ్తే, బాబాయి బీరువాలోంచి తాత చాకు తీశాడు. దానికి మా ఇంట్లో ఓ పెద్ద చరిత్రే ఉంది. తాత ఉప్పు కొటారులో బంట్రోతుగా చేసే రోజుల్లో ఎవరో తెల్లదొర మెచ్చుకుని ఇచ్చాడట. "ఇంగ్లండు సరుకు రా అబ్బయా, పదును చూడు" అంటాడు బాబాయి, చూపించిన ప్రతిసారీ.

నాకేమో ఏ వస్తువు చూసినా వెర్షన్ నంబరు వెతికే పాడలవాటు. పాత చాకులకి అది బ్లేడు మొదట్లో, పిడిలోకి దిగే చోట కొట్టి ఉంటుంది. సముద్రపు గాలికి అక్కడంతా తుప్పు. రాత్రి కిరసనాయిలు రాసి ఉంచి, పొద్దున గుడ్డతో తుడిచా (గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి). ఒక వర్తకుడి పేరు, సగం అరిగిపోయి. దాని కింద 'మద్రాస్'. దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో 'జర్మనీ'!

బాబాయి మొహం చూడాలి అప్పుడు..

ఆ 'అంతే పెద్ద' అన్నదాంట్లోనే ఉంది కథంతా. కత్తులకి ఇంగ్లండులో షెఫీల్డ్ పెట్టింది పేరు. అక్కడ కత్తి పనివాళ్ళ ముద్రలు చూసుకోడానికి 1624 నుంచీ ఒక సంఘం ఉంది. జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ళ నక్షత్రం, మాల్టీస్ శిలువ గుర్తు 1764 నాటిది. కిరీటం, వి.ఆర్. అక్షరాలు కనిపిస్తే అది రాణిగారి కత్తి అనుకునేరు, రాణిగారికి సరుకు అమ్మే కంపెనీ అని మాత్రమే దానర్థం. ఇలా పేరున్న ముద్రలుంటే నకళ్ళు రాకుండా ఉంటాయా? జర్మనీలో జోలింగెన్‌లో చేసిన చవక కత్తుల మీద షెఫీల్డ్ అని కొట్టి అమ్మడం మొదలైంది. షెఫీల్డ్ వాళ్ళు గోల పెట్టగా పెట్టగా బ్రిటన్‌లో 1887లో సరుకు ముద్రల చట్టం వచ్చింది. మనకి 1889లో. దాంతో పాటే 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టంలో 18వ సెక్షను మార్చారు. బ్రిటిష్ వాళ్ళదో, మన దేశపు వర్తకుడిదో పేరు వేసుకుని పరాయి దేశపు సరుకు రేవులో దిగాలంటే, ఆ దేశం పేరు కూడా అదే భాషలో, వర్తకుడి పేరుకి తీసిపోనంత పెద్దగా, స్పష్టంగా ఉండాలి. మూల మీద చీమ తలకాయంత రాసి తప్పించుకోవడం కుదరదన్నమాట. ఈ చట్టం రాసినాయన ఎవరో గానీ, మన టెస్టింగు టీములో ఉండాల్సినవాడు :)

కాబట్టి ఈ చాకు 1889కి ముందుది కాకపోవచ్చు. మొదటి యుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోయింది, 1939లో మళ్ళీ ఆగింది. తాత ఉద్యోగం రోజులు బట్టి చూస్తే రెండు యుద్ధాల మధ్య మద్రాసులో దిగి, బకింగ్‌హాం కాలవ పడవలోనో రైల్లోనో మా వైపుకి వచ్చి ఉంటుంది. మద్రాసు వర్తకుడు అక్కడ తన పేరు కొట్టించి తెప్పించుకున్న బజారు సరుకు ఇది.

అయితే దొర ఇవ్వలేదనా? అది ముద్ర చెప్పదు. దొర కూడా మద్రాసు బజార్లోనే కొనుక్కుని ఉండొచ్చు. కాకపోతే తాతే కొనుక్కుని, అవ్వ తిడుతుందని దొర పేరు చెప్పాడేమోనని నా అనుమానం. పైకి అన్లేదు లెండి.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక నిమ్మకాయ తెచ్చి దాంతో కోశాడు. "యాడిదైతే ఏంరా, తెగతా ఉండాది గదా" అని, పులుపుకి నల్లబడకుండా వెంటనే పంచెకి తుడిచి బీరువాలో పెట్టి తాళం వేశాడు. మధ్యాహ్నం పక్కింటాయన వస్తే "మా నాయనకి దొర ఇచ్చిన జర్మనీ చాకు" అని చూపిస్తా ఉన్నాడు.