ఉమ్మడి యంత్రంలో సొంత బిన్

యూనిక్స్ వ్యవస్థలో ప్రోగ్రాములుండే డైరెక్టరీని, అంటే ఫైళ్లను ఉంచే అరను, 'బిన్' అంటారు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపుదిద్దుకొన్న తొలినాళ్లలో 'యూఎస్ఆర్' అనే డైరెక్టరీ ప్రధానంగా వాడుకరుల సొంత డైరెక్టరీలకు నెలవుగా ఉండేది. మూల డిస్కు చిన్నది కావడంతో వ్యవస్థ ప్రోగ్రాములు కూడా క్రమంగా అక్కడికే చేరాయి. 'బిన్' పెరిగిపోకుండా ఉండేందుకే 'యూఎస్ఆర్'లో రెండో 'బిన్' ఉందని 1979 నాటి ఏడవ ఎడిషన్ కరదీపిక స్పష్టంగా చెబుతుంది.

ఈ రెండింటిలోనూ రాసే హక్కు సాధారణంగా నిర్వాహకులకే ఉండేది కనుక, కొత్త ప్రోగ్రాము కావలసిన మామూలు వాడుకరి నిర్వాహకుణ్ణి అడగడమో, తన హోమ్ డైరెక్టరీలోనే మరో 'బిన్' కట్టుకోవడమో చేయవలసి వచ్చేది. ఆ రెండో దారిని సుగమం చేసింది 'పాత్', అంటే ఆజ్ఞ టైపు చేయగానే, ఆజ్ఞలను నడిపే షెల్ ఏయే డైరెక్టరీలను ఏ వరసలో వెతకాలో చెప్పే పట్టిక. దాన్ని ఎవరికి వారు మార్చుకొనే వీలుండడం యూనిక్స్ రూపకర్తలు వాడుకరికిచ్చిన అతి విలువైన స్వేచ్ఛల్లో ఒకటి.

అయితే ప్రోగ్రాము ఒక్క ఫైలుతో ముగియదు. దాని లైబ్రరీలు, కరదీపికలు, అమరికలు వేర్వేరు చోట్లకు చేరతాయి, తొలగించే వేళ ఏది దేనిదో తేలదు. 1991లో మొదలైన ఆటోకాన్ఫ్ అనే సాధనం వల్ల, అంతటినీ ఏ డైరెక్టరీ కింద స్థాపించాలో 'ప్రిఫిక్స్' అనే ఒక్క ఐచ్ఛికంతో చెప్పే పద్ధతి విస్తృతంగా వ్యాపించింది. 1993 నాటి గ్నూ స్టో అనే సాధనం మరో అడుగు ముందుకు వేసి, ఒక్కో ప్యాకేజీని దాని సొంత డైరెక్టరీలో విడిగా ఉంచి, అందరూ వెతికే చోట సింబాలిక్ లింకులను, అంటే అసలు ఫైలుకు దారి చూపే సూచికలను, మాత్రమే పెట్టింది. ఆ లింకులను తీసేస్తే ప్యాకేజీ వాడుకలోంచి తప్పుకొంటుంది. ఇంత సరళమైన పరిష్కారం ఈ రంగంలో అరుదు.

2003లో వెలువడిన ఎక్స్‌డీజీ ప్రమాణం హోమ్ డైరెక్టరీలోని దత్తాంశానికి, అమరికలకు నిర్దిష్ట స్థానాలు చూపింది. 2008లో పైథాన్ 2.6 కూడా వాడుకరి సొంత ప్యాకేజీలను, ఆ ప్రమాణం దత్తాంశానికి వాడిన, చుక్కతో మొదలై మామూలు జాబితాలో కనబడని 'లోకల్' డైరెక్టరీలోనే ఉంచసాగింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. 1980ల నడుమ సన్ సంస్థ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ అనే నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థ ద్వారా ఒకే హోమ్ డైరెక్టరీ భిన్నమైన ప్రాసెసర్లున్న యంత్రాలకు అందుబాటులోకి రావడంతో, ఒకదాని కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాము మరోదానిపై నడవక, జాగ్రత్తపరులు ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో 'బిన్' పెట్టుకొన్నారు; 'లోకల్'లోని 'బిన్' గురించి చెప్పేటప్పుడు ఎక్స్‌డీజీ ప్రమాణం సైతం ఇదే ప్రమాదాన్ని హెచ్చరిస్తుంది.