పటమట వాకిట్లో మేనేజ్‌మెంట్ పాఠం

బెజవాడ సిద్ధార్థ అకాడమీ స్వర్ణోత్సవ సంచికకు మేనేజ్‌మెంట్ చదువు గురించి నాలుగు మాటలు రాయమని కమిటీ వారు అడిగారు. ఆ అకాడమీలో నేను ఉద్యోగం చేయలేదు. వేరేచోట ఎంబీఏ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా పటమటలో ఇల్లున్నవాడికి అటు మొగల్రాజపురం వెళ్లినా, ఇటు కానూరు వెళ్లినా సిద్ధార్థ పేరే ఎదురవుతుంది. కాదనడానికి మనసొప్పలేదు.

ఒకప్పుడు బెజవాడ కుర్రాడు బి.కాం. ఇక్కడే చదువుకున్నా, ఎంబీఏ చేయాలంటే వాల్తేరో హైదరాబాదో వెళ్లాల్సిందే. అలాంటి రోజుల్లో, 1975లో, రైతులు, వ్యాపారులు, డాక్టర్లు, వకీళ్లు, ఇంజనీర్లు సుమారు 250 మంది పూనుకుని అకాడమీని స్థాపించారు. ఆ ఏడే మొగల్రాజపురంలో డిగ్రీ కాలేజీ మొదలైంది. 1977లో, దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంవత్సరంలోనే, కానూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అదే.

దాతలను స్మరించుకోవడం మన ధర్మం. డిగ్రీ కాలేజీకి పర్వతనేని బ్రహ్మయ్య గారి పేరు పెట్టారు. 1932లో బ్రహ్మయ్య అండ్ కంపెనీని స్థాపించిన ఆడిటరు ఆయన. ఇంజనీరింగ్ కాలేజీకి వెలగపూడి రామకృష్ణ గారి పేరు పెట్టారు. ఆయన ఐ.సి.ఎస్. అధికారి, వుయ్యూరు చక్కెర ఫ్యాక్టరీతో కె.సి.పి. సంస్థలకు పునాది వేసిన వారు. తర్వాత వచ్చిన కాలేజీలకు పొట్లూరి ప్రసాద్ గారు, పిన్నమనేని వారు, వెలగపూడి దుర్గాంబ గారి పేర్లు పెట్టారు. వుయ్యూరు కాలేజీ పేరు మాత్రం నాకు ప్రత్యేకంగా ఇష్టం. అడుసుమిల్లి గోపాలకృష్ణయ్య గారితోపాటు చెరకు రైతులందరూ కలిసి ఆ పేరులో ఉన్నారు. బండ్ల మీద చెరకు తోలినవాళ్లు కాలేజీ బోర్డు మీదికి ఎక్కడం మరెక్కడైనా ఉందేమో గానీ, నేను చూడలేదు.

పేరు రాయొద్దన్న దాత ఒకాయన మా వీధిలోనే ఉండేవారు. మాగాణి రైతు. కాలేజీలకు ఇచ్చిన చందా రసీదులను ధాన్యం లెక్కల పుస్తకంలోనే మడిచి దాచేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, "మేష్టారూ, ఇంతకీ మేనేజిమెంటంటే ఏం చెబుతారండీ?" అని అడిగేవారు. ప్లానింగ్, ఆర్గనైజింగ్, కంట్రోలింగ్ అంటూ నేను అందుకునేవాణ్ణి. ఆయన ఓపిగ్గా విని, "ఇచ్చినోడు మళ్లీ పెత్తనానికి రాకుండా చూసుకోవటం చెప్పరా?" అనేవారు. ఆ ప్రశ్నకు నా టెక్స్ట్‌బుక్కుల్లో జవాబు దొరకలేదు. 250 మంది ఇచ్చి, ఎవరి సొంతమూ కాకుండా నడిపిన సంస్థే దానికి జవాబు.

అకాడమీకి అసలు పరీక్ష మెడికల్ కాలేజీతో వచ్చింది. 1980లో గుణదలలో కాలేజీ పెట్టారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజులను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. 1986లో కాలేజీనే ప్రభుత్వం తీసేసుకుంది. డబ్బు లేని ఇళ్ల పిల్లలకు డాక్టరు చదువు అందింది కాబట్టి తప్పనలేం. కానీ కూడబెట్టి కట్టినవాళ్ల కడుపు కోత ఎవరు చూశారు? మా వీధి పెద్దాయన ఆ సంగతి వస్తే ఒక్క మాటే అనేవారు: "అమ్మాయిని అత్తారింటికి పంపినట్టే అనుకోవాలండీ. ఇంటిపేరు మారింది, పెట్టిన పేరు మనదే." నిజమే, ఈనాటికీ బోర్డు మీద 'గవర్నమెంట్' అనే మాట తర్వాత 'సిద్ధార్థ' ఉంది. సంస్థ మాత్రం చతికిలబడలేదు. తర్వాత గన్నవరం దగ్గర చినౌటపల్లిలో మరో మెడికల్ కాలేజీని కట్టింది.

ఈ యాభై ఏళ్లలోనే మహిళా కళాశాల, లా కాలేజీ, డెంటల్ కాలేజీ, ఎంబీఏ కోర్సులు వచ్చాయి. ఇంజనీరింగ్ కాలేజీ డీమ్డ్ యూనివర్సిటీ అయింది.

ఇక మా వృత్తి మాట. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ అనగానే అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. గుర్తొస్తుంది. మన తెలుగువారు టి.వి. రావు గారు 1973లో అక్కడ చేరారు. 1970ల మధ్యలో అక్కడి ప్రొఫెసర్ ఉదయ్ పారీక్ గారితో కలిసి ఎల్ అండ్ టి కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి విధానాన్ని రూపొందించారు. 1985లో నేషనల్ హెచ్.ఆర్.డి. నెట్‌వర్క్ స్థాపనలో ముందు నిలిచారు. మనుషులను లెక్కల పద్దులా కాక మనుషులుగా చూడమన్నది ఈ మానవ వనరుల శాస్త్రం.

జిల్లా కాలేజీ ప్రొఫెసరు బతుకు వేరు. ఎంబీఏ సీట్లు ఊరూరా పెరిగి, ఫీజు రీయింబర్స్‌మెంటు లెక్కల మీదే కాలేజీలు నిలిచిన రోజుల్లో, నేను పనిచేసిన ఒకచోట, పేరెందుకులెండి, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ ర్యాంకులు రాగానే లెక్చరర్ల చేతికి కరపత్రాలిచ్చి పంపేవారు. కంకిపాడు, పామర్రు వైపు బస్సెక్కి ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. తెచ్చినవాడికే జీతం టైముకి పడేది. మానవ వనరుల పాఠం చెప్పే మనిషికి అదీ మర్యాద.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మా క్లాసుల్లో ఫోర్డ్ గురించీ టయోటా గురించీ చెప్పాం. పక్కనే ఆటోనగర్ ఉంది. పాత లారీని విప్పి ఏ పార్టు ఎవరికి, ఎంతకు పోతుందో కాగితం లేకుండా చెప్పగల మేస్త్రీ ఉన్నాడక్కడ. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసిన లారీ నంబరు, డెలివరీ రోజే ఆయన జాబ్ కార్డు. ఆ షెడ్డును కేస్ స్టడీగా రాయడానికి మాకెవరికీ తీరిక చిక్కలేదు. తీరికంతా కరపత్రాలకే సరిపోయింది.

మన ప్రాంతపు కాలేజీల్లో ఏ భవనం చూసినా దాత పేరు కనిపిస్తుంది, కనిపించాలి కూడా. పాఠం చెప్పినవాళ్ల పేర్లు మాత్రం పాత అటెండెన్స్ రిజిస్టర్లలోనే ఉండిపోతున్నాయి. కమిటీ పెద్దలకు నా విన్నపాలు రెండు. 250 మంది కలిసి సంస్థ కట్టిన తీరును, మెడికల్ కాలేజీ పోయినా నిలదొక్కుకున్న తీరును ఎంబీఏ పిల్లలకు పాఠంగా పెట్టండి. ఈ సంచిక చివర దాతల జాబితా ఎన్ని పేజీలు వస్తే, బోధించినవారి జాబితాకూ అన్ని పేజీలు ఇవ్వండి. అచ్చు ఖర్చు పెరుగుతుందంటే మా వీధి పెద్దాయనలాంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అడగండి.