మందు మానేస్తానన్న మాట: చిత్తూరు ప్రాంతపు గృహహింసలో భార్య నిలిచిపోవడం, భర్త తప్పించుకోవడం

అక్క కూతురిని తమ్ముడికిచ్చి పెళ్లి చేసే ఆచారం చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఇంకా పోలేదు. మేనరికం దక్షిణాది అంతటా ఉన్నదే. ఆచారం ఉన్నచోట 1955 నాటి హిందూ వివాహ చట్టమూ దాన్ని ఒప్పుకుంది. ఆస్తి చెదిరిపోదని, పిల్ల కళ్లముందే ఉంటుందని, తెలిసిన ఇల్లు గనుక భయం లేదని పెద్దలు ఈ సంబంధాలను ఇష్టపడతారు. అలాంటి ఇంట్లో భర్త చెయ్యి చేసుకుంటే ఆమె ఎక్కడికి పోవాలి? పుట్టింటికి అని ఎవరైనా చెబుతారు. అయితే ఇక్కడ అత్త అంటే అమ్మమ్మ. కొట్టినవాడు తల్లికి తోడబుట్టినవాడు. తల్లి కూతురి పక్షాన గట్టిగా నిలబడితే తన పుట్టింటి గడప తనకే మూసుకుపోతుంది. అందుకే “పరాయివాడా, నా తమ్ముడే గదమ్మా, కోపం తగ్గితే వాడే వస్తాడులే” అంటుంది. ఆ మాటలో క్రూరత్వం లేదు, నిస్సహాయత ఉంది. పంచాయతీకి రావలసిన మేనమామే ముద్దాయి అయినప్పుడు ఆడబిడ్డ తరఫున మాట్లాడే మనిషి ఆ బంధువర్గంలోనే మిగలడు.

హింసాత్మకమైన కాపురంలో స్త్రీ ఎందుకు ఉండిపోతుందన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం ఇచ్చిన జవాబుల్లో బాగా పేరుబడింది అమెరికన్ పరిశోధకురాలు లెనోర్ వాకర్‌ది. 1979లో వచ్చిన పుస్తకంలో ఆమె హింస ఒక చక్రంలా తిరుగుతుందని చెప్పింది. ముందు ఉద్రిక్తత పెరుగుతుంది, తర్వాత దెబ్బలు పడతాయి, ఆ పైన క్షమాపణలు, బుజ్జగింపులు వస్తాయి. ఎంత చేసినా ఫలితం లేదని అనుభవంలో తేలినకొద్దీ స్త్రీ ప్రయత్నించడమే మానేస్తుందని, నిస్సహాయత ఆమెకు అలవాటుగా మారుతుందని ఆమె వాదన. డటన్, పెయింటర్ అనే ఇద్దరు పరిశోధకులు 1981లో మరో సంగతి చెప్పారు. దెబ్బా ఆప్యాయతా ఒకే మనిషి దగ్గర్నుంచి, ఎప్పుడు ఏది వస్తుందో తెలియకుండా వస్తుంటే ఆ బంధం సడలకపోగా మరింత బిగుసుకుంటుందని వారన్నారు. ఈ రెండింటిలోనూ నిజముంది. కొట్టిన మర్నాడు మల్లెపూలు తెచ్చేవాణ్ణి, పిలకాయలను భుజాన ఎక్కించుకుని జాతరకు తీసుకుపోయేవాణ్ణి ఒట్టి రాక్షసుడిగా చూడటం ఏ భార్యకూ సాధ్యం కాదు. ఆమె వదిలించుకోవాలనుకునేది దెబ్బలనే గాని కాపురాన్ని కాదు.

అయినా నిస్సహాయత అలవాటైందన్న వివరణ మన ప్రాంతానికి చాలదు. గొండాల్ఫ్, ఫిషర్ 1988లో టెక్సాస్ రాష్ట్రపు ఆశ్రయ కేంద్రాలకు వచ్చిన ఆరు వేల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించి దాదాపు తలకిందులైన నిర్ణయానికి వచ్చారు. హింస పెరిగినకొద్దీ స్త్రీలు సాయం కోసం మరింత గట్టిగా వెతుకుతారు, వెళ్లిన చోటల్లా అరకొర సాయమే అందుతుంది, నీరసించింది స్త్రీలు కాదు సాయం చేయవలసిన వ్యవస్థలేనని వారి మాట. చిత్తూరు ప్రాంతంలో ఒక స్త్రీ నడిచే దారిని వరసగా చూస్తే నాకు ఈ వాదనే సరైనదనిపిస్తుంది. అమ్మకు చెబుతుంది, అక్కకు చెబుతుంది, పొదుపు సంఘంలో తోటివాళ్లకు సగం చెప్పి సగం మింగుతుంది, ఊరి పెద్దమనుషుల దాకా పోతుంది. ప్రతిచోటా ఆమె చేతిలో పెట్టేది ఒకటే సలహా: సర్దుకుపో.

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను ఈ వెలుగులో చదవాలి. ఇంట్లోనో బయటో శారీరక, లైంగిక హింసకు గురైన భారతీయ స్త్రీలలో సాయం అడిగినవారు నూటికి 14 మంది. 77 మంది సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అడిగినవాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికే. పోలీసుల దాకా పోయినవాళ్లు అతి కొద్దిమంది. సంసారం గుట్టుగా ఉంచాలని చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చిన సమాజంలో ఈ మౌనం వింత కాదు. సర్వే అడిగిన ఏడు కారణాలలో కనీసం ఒకదానికైనా భర్త భార్యను కొట్టడం న్యాయమేనని ఒప్పుకున్న స్త్రీలు దేశంలో 45 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం. చెప్పకుండా బయటికి పోవడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం ఆ కారణాల్లో కొన్ని. ఈ అంకెను చూపి మన ఆడవాళ్లే దెబ్బలను సమర్థిస్తున్నారని పత్రికలు రాశాయి. నాకు ఆ వ్యాఖ్య అన్యాయంగా తోచింది. తీర్పు చెప్పే పెద్దలందరూ ఈ కారణాల పట్టికనే చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు, తాను ఏ తప్పూ చేయలేదని రుజువు చేసుకోగలిగితేనే తన ఫిర్యాదు చెల్లుతుందని ఆమెకు తెలుసు. 84 శాతం ఆమె మనసు లోతును కొలిచిన అంకె కాదు, ఆమె చుట్టూ అమలవుతున్న చట్టాన్ని కొలిచిన అంకె.

విడిపోవడం సురక్షితమన్న ఊహ కూడా తప్పే. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం అమెరికాలోని 11 నగరాల్లో భర్తల, సహచరుల చేతుల్లో హతమైన స్త్రీల ఉదంతాలను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అన్నిటా అదుపు చేసే మగవాడి నుంచి విడిపోయినప్పుడు ప్రాణహాని ఎన్నో రెట్లు పెరుగుతుంది. పోతే చంపేస్తానన్న బెదిరింపును భార్య నమ్మి ఆగిపోతే అది పిరికితనం కాదు. వాడి సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇక ఇల్లు. ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ తిరువనంతపురం జిల్లాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా విలువైనది. భూమీ ఇల్లూ ఏదీ లేని భార్యల్లో 49 శాతం శారీరక హింసకు గురైతే, రెండూ ఉన్నవారిలో అది 7 శాతమే. దీర్ఘకాలం దెబ్బలు తిన్నవారిలో ఆస్తి ఉన్న స్త్రీలు 71 శాతం ఇల్లు విడిచి రాగలిగారు, లేనివారు 19 శాతమే రాగలిగారు. చదువు కంటే, భర్త ఉద్యోగం కంటే ఆమె పేరనున్న కప్పు ఎక్కువ కాపాడింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనది ఒకటి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ 2005లో కేంద్ర సవరణ వచ్చాక కూడా పసుపు కుంకుమల కింద ఇచ్చింది చాలులెమ్మని అన్నదమ్ములు సంతకాలు చేయించుకోవడం పల్లెల్లో మామూలే. వాటా వదులుకుంటే పుట్టింటి రాకపోకలు కొనసాగుతాయన్నది ఆ సంతకం వెనుక లెక్క. తీరా దెబ్బలు తిని వచ్చిన రోజున ఆ పుట్టింటివాళ్లే నాలుగు రోజులుండి పొమ్మంటారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రెండు నెలల కూలి, పాల డబ్బు, చీటీ పాట, ఇవేవీ ఒక గది అద్దెనూ పిల్లల ఫీజునూ ఏడాది పొడవునా మోయలేవు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో నెల జీతం పెళ్లికాని అమ్మాయిలకు కొంత ధైర్యమిచ్చిన మాట నిజం. కుప్పం, పలమనేరు వైపు ఇద్దరు పిల్లల తల్లికి ఆ దారి చాలా దూరం.

ఇంతవరకూ చెప్పింది ఆమె గురించి. ఇందులోనే ఒక లోపముంది. ఆమె ఎందుకు పోదని వందసార్లు అడిగే మనం వాడెందుకు మానడని ఒక్కసారి కూడా అంత పట్టుదలగా అడగం. అలా అడగనీయకుండా చేసుకోవడమే కొట్టేవాడి నేర్పు. ఆ నేర్పుకు చుట్టూ ఉన్నవాళ్లు తెలిసో తెలియకో సాయపడతారు.

అతని మొదటి ఆసరా మందు. “తాగినప్పుడే సార్, లేకపోతే బంగారం” అని తల్లి చెబుతుంది, భార్య చెబుతుంది, చివరికి ఠాణాలో కానిస్టేబులూ అదే చెబుతాడు. మందుకూ దెబ్బలకూ సంబంధం లేదని అనలేం. అదే జాతీయ సర్వేలో తరచూ తాగే భర్తలున్న స్త్రీలలో 70 శాతం శారీరక, లైంగిక హింసను చూశారు. అయితే అసలు తాగని భర్తలున్న స్త్రీలలోనూ 23 శాతం చూశారు. అంటే దాదాపు నలుగురిలో ఒకరు. సీసా లేని ఇంట్లోనూ చెయ్యి లేస్తోంది. తాగి తూలేవాడు కూడా మేస్త్రీనీ ఎస్సైనీ వదిలేసి ఇంటికొచ్చి తలుపు వేశాకే కొడుతున్నాడు. చెయ్యి ఎక్కడ లేపాలో, ఎక్కడ దించాలో ఆ మత్తులోనూ అతనికి తెలుసు.

చిత్తూరుకు దగ్గర్లో, బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. కోనేటిలో మునిగి స్వామి ఎదుట చేసిన ప్రమాణం తప్పితే శిక్ష తప్పదని ఈ ప్రాంతపు నమ్మకం. తగాదాల్లో నిజం తేల్చుకోవడానికి, మందు మానుతానని మాట ఇవ్వడానికి జనం అక్కడికి వస్తారు. ఆ నమ్మకం మీద నాకు గౌరవముంది. పరాయి ఊరి కౌన్సెలర్ మాటకు లొంగని మనిషి ఆ గుడిలో నిజంగా వణుకుతాడు. ఆ భయంతోనే తాగుడు వదిలిన ఇళ్లూ ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది ప్రమాణంలోని విషయం. పెద్దమనుషులు కుదిర్చే రాజీలో భర్త మానుతానని చెప్పేది మందు. భార్య ఒంటి మీద చెయ్యి వేయనన్న మాటను ఎవరూ విడిగా అడగరు. ఆ మాట ఇస్తే తనది తాగుడనే జబ్బు కాదు, తాను చేస్తూ వచ్చిన నేరమని అతను ఒప్పుకున్నట్టవుతుంది. ఆరు నెలలు తాగకుండా ఉండి, ఆ ఆరు నెలల్లోనూ కొట్టినవాడు మాట తప్పినట్టు కాడు.

దెబ్బల మాట మందు మాటగా మారిపోయే ఈ జారుడు ప్రజా ఉద్యమాల్లోనూ కనిపిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం అనే అక్షరాస్యత తరగతుల్లోంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం చిత్తూరుతో పాటు ఇతర జిల్లాలకూ పాకింది. కూలి డబ్బు పోవడం గురించి, ఒంటి మీది దెబ్బల గురించి ఆడవాళ్లు బజారులో నిలబడి మాట్లాడిన అపూర్వ సందర్భమది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ స్త్రీల విజయాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. వాళ్లు చెప్పిన రెండు మాటల్లో ప్రభుత్వం విన్నది ఒక్కటే. దుకాణం మూసింది, ఇంట్లో లేచే చెయ్యి దాని పరిధిలోకి రాలేదు.

రెండో ఆసరా ఎదురు ఫిర్యాదు. నోరు పెద్దది, మా అమ్మను చూడదు, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతుంది అంటాడు. ఎంత నిబ్బరంగా చెబితే అంత నమ్మకం. ఆమె ఏడుస్తూ చెబుతుంది, తేదీలు తారుమారవుతాయి. ఠాణాలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇద్దరికీ బుద్ధి చెప్పి పంపడాన్నే మనవాళ్లు కౌన్సెలింగ్ అంటున్నారు. ఇక ఆమె పుట్టింట్లోనే ఉండిపోతే కాపురానికి రావాలంటూ హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టు కాగితం వస్తుంది. ఈ సెక్షన్ చరిత్రలో మన ప్రాంతానికి చోటుంది. 1975లో తిరుపతిలో జరిగిందని చెప్పిన ఒక పెళ్లిపై కడప కోర్టులో మొదలైన సరీత కేసులో, భార్యను బలవంతంగా కాపురానికి రప్పించే ఈ సెక్షన్ ఆమె వ్యక్తిగత స్వేచ్ఛకు విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి కొట్టివేశారు. అది హింసకు సంబంధించిన కేసు కాదు. కానీ ఆ తీర్పు నిలిచి ఉంటే కొట్టే భర్తల చేతిలోని ఆయుధమొకటి పోయేది. 1984లో సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు సెక్షన్‌ను నిలబెట్టింది.

ఇలా తప్పించుకునేవాడు ఎవరికి లొంగుతాడో ఒక జాతర కథ చెబుతుంది. తిరుపతి గంగమ్మ కథలో పాలెగాడు ఊరి ఆడవాళ్లను చెరబట్టేవాడు. గంగమ్మ తిరగబడేసరికి దాక్కుంటాడు. ఆమె వేషం మీద వేషం మార్చి వెతికినా బయటికి రాడు. తనకు పైవాడైన దొర వేషంలో వచ్చినప్పుడే బయటపడి తల పోగొట్టుకుంటాడు. మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకునే ఆ జాతరలో ఏటా ఊరంతా చూసేది ఈ కథనే. ఇందులో నన్ను ఆపేది దొర వేషం. బలహీనుల ముందు చెలరేగేవాడు జవాబు చెప్పేది తన పై అధికారానికి మాత్రమే. కాబట్టి ఆ అధికారం ఏ మాట అడుగుతుందన్నదే అసలు విషయం.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం కింది నిబంధనల్లో 14వది దీన్ని చక్కగా పట్టుకుంది. మేజిస్ట్రేటు పంపిన కౌన్సెలింగ్‌లో భర్త తన హింసకు సమర్థన చెప్పుకోవడానికి వీల్లేదు. అలా వీల్లేదని ముందే అతనికి తెలియజేయాలి. హింసకు దిగనని అతను హామీ ఇవ్వాలి. రాజీ ప్రయత్నం ఆమె కోరితేనే. నోరు పెద్దదన్న మాటకు, తాగి ఉన్నానన్న మాటకు ఆ గదిలో చోటే లేదు. ఇంత స్పష్టమైన నిబంధన ఉండగా ఠాణా బల్ల ముందు, రచ్చబండ దగ్గర జరుగుతున్నది మాత్రం పాత తంతే. పైగా చట్టపు కాలానికీ ఆశ్రయపు కాలానికీ పొత్తు కుదరదు. దరఖాస్తు 60 రోజుల్లో తేలేలా చూడాలని చట్టం, బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే వన్ స్టాప్ సెంటర్‌లో తాత్కాలిక బస 5 రోజుల వరకే. మిగతా రోజులు ఆమె ఉండేది బహుశా కొట్టినవాడి కప్పు కిందే. అదే ఇంట్లో ఉండే హక్కును కాపాడుతూ, అవసరమైతే అతన్నే బయటికి పంపుతూ మధ్యంతర ఉత్తర్వు కోరడానికి 19, 23 సెక్షన్లున్నాయి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా ఉన్నాయి. ఈ చట్టం కింది రక్షణాధికారి దగ్గర దరఖాస్తు రాసేటప్పుడే ఈ ఉత్తర్వులను అడగాలి.

పల్లెల్లో రాజీలు ఆగవు, ఆపాలనడమూ దండగ. ఆ రాజీ కాగితం రాసే తీరు మాత్రం మార్చవచ్చు. మొదటి వాక్యం చేతి గురించి ఉండాలి: కొట్టను, తోయను, గొంతు పట్టుకోను, బెదిరించను, తలుపు గడియ పెట్టను, ఫోను లాక్కోను, ఆమె బ్యాంకు పుస్తకం ముట్టను. మందు మాట ఆ తర్వాత. మాట తప్పితే ఏ రోజున ఏ కోర్టుకు పోతారో కూడా అందులోనే రాయాలి. నెలకోసారి గ్రామ సచివాలయపు మహిళా పోలీసు వచ్చి ఆమెను ఒంటరిగా, అత్త లేకుండా, పలకరించాలి. మేనరికపు ఇళ్లలో సంతకం పెట్టే పెద్దల్లో ఒకరైనా రెండు వైపులకూ చుట్టం కానివారై ఉండాలి.