సూది వైద్యం మన దేశానికి వచ్చిన దారి

ఆక్యుపంక్చర్ అని లోకం పిలిచే సూది వైద్యం చైనాలో రెండు వేల ఏండ్లకు పైబడిన విద్య. మన దేశానికి దానికి దారి వేసినది మాత్రం యుద్ధం. 1938లో జపాను దాడికి గురియైన చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో, తెలుగు పద్మశాలీలు వేలాదిగా స్థిరపడిన షోలాపూరు వాస్తవ్యుడు ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే, ముప్పది రెండేండ్ల ప్రాయంలో అసువులు బాసెను. ఆయన సహచరుడు బిజయ్ కుమార్ బసు స్వదేశానికి మరలివచ్చి, 1950ల చివర తిరిగి చైనాకేగి ఈ విద్య నేర్చి, కలకత్తాలో చికిత్స ఆరంభించెను. కోట్నీస్ కథ చలనచిత్రమై దేశమంతటా తెలిసింది. బసు పేరు ఎరిగినవారు అరుదు. ఇది న్యాయం కాదు.

సన్నని సూదులను నిర్ణీత స్థానాలలో గ్రుచ్చినపుడు నాడులు ప్రేరితమై, నొప్పిని అణచే ఎండార్ఫిన్లను దేహమే విడుదల చేయునని శాస్త్రజ్ఞుల వివరణ. శస్త్రచికిత్స అనంతరం వచ్చే వాంతులకు, పంటి నొప్పికి ఇది ఉపకరించునని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సభ అంగీకరించింది. 2019లో భారత ప్రభుత్వం దీనిని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

పావగడ తాలూకా బోరుబావుల నీటిలో ఫ్లోరైడు అధికం. ఆ నీరు త్రాగి కీళ్ళు బిగిసిన పెద్దలకు సూది కొంత ఉపశమనం కలిగించవచ్చును గాని, ఎముకలలో పేరుకొనిన ఫ్లోరైడును అది తొలగించలేదు.